చక్రం మీది దారం

నా నోటు పుస్తకంలో ఆ చక్రం కొలతలు ఒక పేజీ నిండా ఉన్నాయి. అడ్డం ఇరవై అంగుళాలు. చుట్టు అరవై రెండు అంగుళాల ఆరు నూళ్లు. గొట్టం చుట్టుకొలత మూడు అంగుళాల ఒక నూలు. కమ్మీలు నాలుగు, వాటి మధ్య ఎడం సమానం. కమ్మీకీ కమ్మీకీ మధ్య అరవై రెండు కుట్లు, మొత్తం రెండు వందల నలభై ఎనిమిది. అంగుళాన్ని ఎనిమిది నూళ్లుగా విడగొట్టి లెక్కపెట్టడం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆయన వడ్రంగి. ఆ పేజీలో ఒక్క అంకె కూడా తప్పు లేదు. రాయకుండా వదిలేసినది ఒక్కటి ఉంది. దాని సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

మా తమ్ముడు సరంగు. చల్లపల్లి దాటాక బస్సు ఇంకో గంట వెళ్తే వచ్చే రేవులో పంటు నడిపేవాడు. పంటంటే వెడల్పాటి ఇంజను పడవ. మనుషులు, మోటారు సైకిళ్లు, గడ్డిమోపులు, రొయ్యల ట్రేలు అన్నీ దాని మీదే కృష్ణ దాటి అవతలి లంకకు చేరాలి. వాడు నాకంటే పదకొండేళ్లు చిన్న. మా అమ్మ పోయినప్పుడు వాడికి ఆరేళ్లు. నేను ఆడపిల్లల హాస్టల్లో కుట్టుపని నేర్పే ఉద్యోగంలో చేరి వాణ్ని చదివించాలనుకున్నాను. వాడు తొమ్మిదో తరగతి మానేసి లాంచీల వెంట పోయాడు. పెళ్లి చేశాను, భార్య జ్వరంతో పోయింది. నా భర్త కూడా పోయాక మిగిలింది మేమిద్దరం. నేను విజయవాడలో, వాడు రేవు దగ్గర అద్దెగదిలో.

రోహిణి కార్తె వచ్చిన రెండో రోజు, మంగళవారం, పంటు మీద పనిచేసే కళాసీ ఫోన్ చేశాడు. యాభై ఏళ్ల మనిషి, మా వాడితో పంతొమ్మిదేళ్లుగా ఉన్నాడు. సరంగుగారి చెయ్యి తెగిందని, ఆయన ఆస్పత్రికి రానంటున్నాడని చెప్పాడు. నేను పది గంటల బస్సెక్కి ఒంటిగంట ఇరవైకి రేవులో దిగాను.

వాడు టికెట్ల పాక కింద బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి లుంగీగుడ్డ చుట్టి ఉంది. గుడ్డ విప్పి చూస్తే అరచేతిలో అంగుళమున్నర గాటు, లోతుగా ఉంది. ఎప్పుడు తెగిందో వాడికి తెలియదు. పడవను తిప్పే చక్రం మీద రక్తం చూసి కళాసీ చెప్పేదాకా వాడు రెండు దాట్లు వేశాడు. షుగరు పద్నాలుగేళ్లనాటిది. అరచేతుల్లో స్పర్శ పోయింది. బొటనవేళ్ల చివర్లలో మాత్రం కొంచెం మిగిలిందని ఆ రోజే నాకు చెప్పాడు. ఇంకోటి కూడా పోతోందని చెప్పలేదు.

ఏం తెగిందో చూద్దామని నేను పంటు ఎక్కాను. చక్రం కంపెనీది కాదు. ఆటోనగర్‌లో ఎవరో ఇనుప గొట్టం గుండ్రంగా వంచి నాలుగు కమ్మీలు వెల్డింగ్ చేసినది. రంగు ఎప్పుడో ఊడిపోయింది. వెల్డింగ్ అతుకుల దగ్గర ఇనుము ముళ్లలాగా లేచి ఉంది. ఎండకు కాలి ఉంది కూడా. నేను ముట్టుకుని చెయ్యి తీసేశాను. ఆ ఇనుమును వాడు రోజుకు పద్నాలుగు దాట్లు పట్టుకుంటున్నాడు, కాలుతున్నట్టు తెలియకుండా.

టేపు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. తీసి కొలిచాను. ఒక కమ్మీ దగ్గర టేపు ఎత్తుగా వచ్చింది. చూస్తే అక్కడ గొట్టం చుట్టూ దారం చుట్టి ఉంది, చిటికెనవేలంత వెడల్పున. పసుపు, కుంకుమ, నూనె పట్టి నల్లగా గట్టిపడింది. కళాసీని పిలిచి ఇదేమిటని అడిగాను.

"దసరాకి కట్టామండి. ఆయుధపూజ" అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు. నేను అడిగినదానికి జవాబు చెప్పి తాడు చుట్టుకోవడానికి వెళ్లిపోయాడు. నేను ఇంకో ప్రశ్న వెయ్యలేదు. టేపును ఆ దారం పక్కగా జరిపి మళ్లీ కొలిచాను.

విజయవాడలో డాక్టరుగారు పుండు కడిగి ఏడు కుట్లు వేశారు. ఈసారి మానుతుందనీ, మళ్లీ అక్కడే తెగితే వేలు తీసేయాల్సి రావచ్చనీ, అక్కడితో ఆగుతుందని కూడా తను చెప్పలేననీ అన్నారు. పదిరోజులు తడి తగలకూడదన్నారు. తమ్ముడు ఆ పదిరోజులూ నా గదిలోనే ఉన్నాడు. కిటికీ దగ్గర కూర్చుని కట్టుకట్టిన చెయ్యి వైపు చూసేవాడు, లేదా చూస్తున్నాడని నేను అనుకునేదాన్ని.

వాడికి భయం చేతి గురించి కాదు. రేవును వేలంలో పాడుకున్న ఓనరుగారు రెండేళ్లుగా, వయసు మీదపడింది, ఇక చాలించమని అంటున్నారు. పంటు ఇంజను ఎలాగూ విప్పాలి కాబట్టి ఈ పదిరోజులకూ సరిపోయింది. లేకపోతే ఈపాటికే ఇంకో మనిషిని పెట్టేవారు.

"దిగితే మళ్లీ ఎక్కనివ్వరక్కా" అన్నాడు. "అది తప్ప నాకేమొచ్చు?"

చక్రానికి తొడుగు వేస్తే చెయ్యి తెగదు. చెయ్యి తెగకపోతే వాడు చక్రం వదలక్కర్లేదు. లెక్క నాకు అలా తోచింది. మర్నాడే గవర్నర్‌పేట వెళ్లాను.

మొదటి షాపులో ఏ బండికని అడిగారు. పడవకని చెప్పాను. కౌంటర్లో ఉన్నాయన పక్కవాడి వైపు చూసి, "పడవకి సీటు బెల్టు కూడా ఇమ్మంటారా అమ్మా?" అన్నాడు. ముందు కవర్లు చూపించమన్నాను. రెక్సిన్‌వి, స్పాంజివి, బొచ్చువి, పూసలు గుచ్చినవి తీసి పరిచాడు. అన్నీ కార్లకూ లారీలకూ చేసినవి, లాగి తొడిగేవి. ఒక్కటీ ఇరవై అంగుళాలకు రాదు. వచ్చినా గుండ్రంగా తిరిగిపోతుంది. గట్టిగా తిప్పినప్పుడు తొడుగు తిరిగి చక్రం తిరగకపోతే పడవ గతేమిటి? ఆ మాట అంటే ఆయన నవ్వడం మానేశాడు. తుక్కు ముక్కలు ఒక కవర్లో వేసి ఊరికే ఇచ్చాడు.

వాటిని ఇంటికి తెచ్చి, ఇంట్లో ఉన్న కొబ్బరితాడు, దుప్పటి ముక్క కూడా కలిపి, ఒక్కొక్క ముక్కనూ బకెట్టు కాడకు చుట్టి డాబా మీద ఎండలో పెట్టాను. పన్నెండు నుంచి రెండు వరకు. తర్వాత నీళ్లు పోసి, చేతికి చేపనూనె రాసుకుని, నిండు బకెట్టు ఎత్తి చూశాను. రెక్సిన్ కాలింది, తడికి జారింది. స్పాంజి నీళ్లు తాగి గంటయినా ఆరలేదు. పచ్చిపుండుకు అంతకంటే చెడ్డది లేదు. కొబ్బరితాడు జారలేదు గానీ నా అరచెయ్యే గీసుకుపోయింది. మంగళగిరి నేత దుప్పటి ముక్క బాగానే ఉంది, కానీ నెలకు మించి ఆగదు. తమ్ముడు గడప దగ్గర కూర్చుని, నేను బకెట్టు ఎత్తి దించే చప్పుడు వింటున్నాడు.

"నీళ్లు మోసి మోసి నీ చేతికి కుట్లు పడేట్టున్నాయి" అన్నాడు. ఆ పదిరోజుల్లో వాడు నవ్వింది అప్పుడే.

అన్నీ పోగా మిగిలింది తోలు. వన్‌టౌన్‌లో ఒక సాయిబుగారు ఉన్నారు. వాళ్ల నాన్న జట్కా గుర్రాల జీన్లు కుట్టేవాడట. ఈయన మోటారు సైకిళ్ల సీట్లు, డోళ్ల మూతలు కుడతారు. నా కాగితం చూసి ఎవరు కొలిచారని అడిగారు. నేనే అన్నాను. ఇంత కచ్చితంగా కొలిచి తెచ్చినవాళ్లు ఈమధ్య లేరన్నారు. నాకు సంతోషమైంది. అది కూడా రాయాలి, ఎందుకంటే ఆ సంతోషంలోనే తర్వాతి మాటను సరిగ్గా వినలేదు.

ఆయన మేకతోలు తీసి వేళ్ల మధ్య నలిపి చూపించారు. తోలు బట్టలాంటిది కాదనీ, తడిపి ఎక్కించి బిగించి కుడితే ఆరాక అదే గొట్టాన్ని పట్టుకుంటుందనీ చెప్పారు. లోపలి అంచుకు కుట్టు రావాలి, అరచేతికి తగలకూడదు. రెండు సూదులతో, మైనం రాసిన దారంతో కుట్టాలి. కన్నాలు తనే పొడిచి ఇస్తానన్నారు. అంతా అయ్యాక అన్నారు: "నడిపే ఆయన్ని ఒక్కసారి తీసుకురండమ్మా. కారు సంగతి వేరు. పడవ నడిపేవాళ్లకి ఒక్కొక్కళ్లకి ఒక్కో అలవాటుంటుంది. చెయ్యి చూసి కోస్తాను."

"చెయ్యి కొలత నా దగ్గర ఉందండీ" అన్నాను. నిజంగానే ఉంది. అరచేతి వెడల్పు, వేళ్ల పొడవు అన్నీ రాసుకున్నాను. కాగితం తిప్పి చూపించాను. ఆయన నాలుగు ముక్కలు కోసి, రెండు వైపులా కన్నాలు పొడిచి, చాప చుట్టినట్టు చుట్టి ఇచ్చారు.

తొమ్మిదో రోజు తమ్ముడికి చివరి కట్టు మార్చే రోజు. కుట్లు కూడా ఆ రోజే తీస్తారు. వాణ్ని పక్కింటి ఆవిడతో ఆస్పత్రికి పంపి, నేను ఆరుంబావు బస్సుకు బయలుదేరాను. వాడు మర్నాడు వచ్చేసరికి చక్రం సిద్ధంగా ఉండాలని నా పట్టుదల. వాణ్ని వెంట తీసుకెళ్తే సరిపోయేది. చేతికి తడి తగులుతుందని వద్దన్నాను.

పంటు ఒడ్డుకు లాగి ఉంది. కళాసీ, మెకానిక్కు ఇంజను దగ్గర ఉన్నారు. మొదట ఆకురాయితో వెల్డింగ్ ముళ్లన్నీ అరగదీశాను. ఆ తర్వాత దారం సంగతి చూశాను. దాని మీదే తోలు వేస్తే అక్కడ ఉబ్బు వస్తుంది, కుట్టు బిగియదు. పైగా అది వాళ్ల దేవుడి దారం. దాన్ని తోలు కింద కప్పడం మర్యాద కాదనిపించింది. మేము క్రైస్తవులం. ఒకరి పూజ వస్తువును తొక్కకూడదు, పారెయ్యకూడదు అని మా అమ్మ చెప్పిన మాట నాకు గుర్తుంది. కత్తెరతో అడ్డంగా కత్తిరించి, కింద పడకుండా రుమాల్లో పట్టుకుని, సరంగు నిలబడే చోట చిన్న గూటిలో ఉన్న అమ్మవారి పటం ముందు పెట్టాను. చాలా జాగ్రత్తగా పెట్టాను.

తోలు నానబెట్టి ఎక్కించి కుట్టడానికి ఆరు గంటలు పట్టింది. రెండు వందల నలభై ఎనిమిది కుట్లు. మధ్యలో మూడింటి బిగువు నచ్చక విప్పి మళ్లీ కుట్టాను. పూర్తయ్యాక కళ్లు మూసుకుని చక్రం చుట్టూ చెయ్యి పోనిచ్చాను. ఎక్కడా ఎత్తు లేదు, పల్లం లేదు. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెలియదు. అంత నున్నగా కుట్టగలిగానని ఆ రోజు రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పటికీ పుస్తకంలో ఉంది. కొట్టెయ్యలేదు.

మర్నాడు గురువారం ఇద్దరం కలిసి వచ్చాం. ఇంజను బాగుచేశాక మొదటి దాటు కాబట్టి ఓనరుగారు కూడా వచ్చారు. ఇంజను ఒక్కటే చూడటానికి కాదని అందరికీ తెలుసు. పదకొండు మోటారు సైకిళ్లు, నలభై మందికి పైగా మనుషులు. రొయ్యల చెరువుల్లో పనికి పోయే ఆడవాళ్లు ముందు భాగంలో నిలబడ్డారు.

తమ్ముడు చక్రం దగ్గరకు వచ్చి రెండు చేతులూ వేశాడు. మెల్లగా ఒక చుట్టు తడిమాడు. మళ్లీ ఒక చుట్టు తడిమాడు. తోలు మెత్తదనం చూస్తున్నాడనుకున్నాను. వాడి ముఖంలో ఏదో మారింది. అదేమిటో నాకు అర్థం కాలేదు.

"ఎలా ఉందిరా?" అన్నాను.

"బాగుందక్కా" అన్నాడు.

ఓనరుగారు గడియారం చూసుకుని, "ఏంటి ఆలస్యం?" అన్నారు. తమ్ముడు కళాసీకి తాడు విప్పమని చెప్పాడు.

నది సగం దాకా బాగానే వెళ్లాం. అప్పుడు పాటు, నీళ్లు సముద్రం వైపు లాగుతున్నాయి. ఆ లాగుడుకు ఎదురుగా పడవ ముక్కును పైకి తిప్పి పట్టి, అవతలి రేవు దగ్గర మళ్లీ తిన్నగా చేసి ర్యాంపుకు ఆనించాలి. వాడు చక్రం పూర్తిగా ఎడమకు తిప్పాడు. తర్వాత కుడికి తిప్పుతూ వచ్చాడు. ఆగాడు. కొంచెం వెనక్కి తిప్పాడు. మళ్లీ ముందుకు తిప్పాడు. పెదవులు కదులుతున్నాయి, ఏదో లెక్కపెడుతున్నట్టు. కళాసీ ముందు నుంచి చెయ్యి ఊపి అరిచాడు. పడవ తిన్నగా రాలేదు. ఏటవాలుగా వచ్చి ర్యాంపు పక్కనున్న సిమెంటు దిమ్మెకు ఆనింది. పెద్ద దెబ్బేమీ కాదు, పడవకు సొట్ట కూడా పడలేదు. కానీ ముందు నిలబడ్డవాళ్లలో ఒకామె దిగడానికి ఒక కాలు బయటకు పెట్టి ఉంది. పడవ అంచుకూ దిమ్మెకూ మధ్య ఆమె చీలమండ ఇరుక్కుంది.

ఆ అరుపు గురించి రాయను.

ఆమెను మోటారు సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకుపోయాక, ఓనరుగారు సరంగు నిలబడే చోటికి వచ్చారు. చుట్టూ జనం. తమ్ముడు ఇంకా చక్రం వదల్లేదు. ఏమైందని ఆయన అడిగారు. తాగావా అని కూడా అడిగారు. తమ్ముడు ఎటో చూస్తూ చెప్పాడు:

"నాకు కళ్లు కనపడటం లేదండీ. సంవత్సరం పైనైంది. కుడికన్ను అసలు లేదు."

నాకు అది అప్పుడే తెలిసింది. నా గదిలో పదిరోజులున్నాడు, అన్నం పళ్లెం నేనే చేతికందించాను, నాకు తెలియలేదు. ఓనరుగారు చక్రం కళాసీకి ఇచ్చెయ్యమన్నారు. కళాసీ నెమ్మదిగా, వంకర్లు తిరుగుతూ మమ్మల్ని ఇవతలి ఒడ్డుకు చేర్చాడు. తమ్ముడు ప్రయాణికుల బల్ల మీద నా పక్కన కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లలో వాడు ఆ బల్ల మీద కూర్చోవడం అదే మొదలు.

చెయ్యి మానింది. కుట్లు తీశాక ఇరవై మూడు రోజులకు మచ్చ తప్ప ఏమీ మిగల్లేదు. పట్టుకోవడానికి ఏమీ లేని చెయ్యి త్వరగా మానుతుంది కాబోలు.

ఆ ఇరవై మూడు రోజులూ వాడి కళ్లే కారణమని నమ్మాను. దాచిపెట్టినందుకు వాణ్ని తిట్టాను కూడా. ఒకామె కాలు పోగొట్టావన్నాను. వాడు అన్నీ విని, మంచినీళ్లు ఇమ్మని అడిగాడు.

ఇరవై నాలుగో రోజు, శనివారం, కళాసీ మా ఇంటికి వచ్చాడు. తమ్ముడు డాబా మీద ఉన్నాడు. కొత్త సరంగుకు పంటు లొంగడం లేదనీ, రెండుసార్లు ఇసుకలో ఎక్కించాడనీ చెప్పి, నసుగుతూ అడిగాడు.

"తోలు వేశాక ఆ గుర్తు ఎక్కడ పెట్టారమ్మగారూ?"

"ఏ గుర్తు?"

"అదేనండీ, చక్రం మీద దారం."

"అది దేవుడి దారమన్నావు గదయ్యా. పటం ముందు పెట్టాను."

"పైన కట్టింది దేవుడిదండీ" అన్నాడు. "కిందున్నది సరంగుగారిది."

అప్పుడు వివరంగా చెప్పాడు. పంటు చుక్కాని వెనక నీళ్లలో ఉంటుంది, చక్రం దగ్గర నిలబడ్డవాడికి కనపడదు. చక్రం ఈ కొస నుంచి ఆ కొసకు మూడు చుట్లు తిరుగుతుంది. చుక్కాని తిన్నగా ఉన్నప్పుడు చక్రంలో పైకి వచ్చే చోట సరంగు వలదారం చుట్టుకుంటాడు. ఏ కొస నుంచి తిప్పుకొచ్చినా ఆ ముడి రెండోసారి బొటనవేలి కిందకు వచ్చిందంటే చుక్కాని తిన్నగా ఉన్నట్టు. చూడక్కర్లేదు. మా వాడు సంవత్సరంగా నడిపింది ఆ ముడితోనే. కమ్మీలు నాలుగూ ఒక్కలాగే ఉంటాయి, వాటితో ఏమీ తెలియదు. ప్రతి దసరాకీ కళాసీ ఆ ముడి మీదే తన తోరం కట్టి కుంకుమ పెట్టేవాడు, చక్రంలో ముఖ్యమైన చోటు అదే కాబట్టి. మా వాడు ఏనాడూ వద్దనలేదు.

అతను జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. గూటిలో నేను పెట్టినదే. లోపల పసుపు తోరం ముక్కలు, వాటి కింద నల్లటి వలదారం ముక్కలు. నేను విడదీసి లెక్కపెట్టాను. వలదారం ముక్కలు పదకొండు. అంటే పదకొండు చుట్లు చుట్టి ఉంది.

డాబా మెట్లెక్కి వాడి ముందు పొట్లం పెట్టాను. వాడు ముట్టుకుని ఏమిటో గుర్తుపట్టాడు.

"చక్రం పట్టుకోగానే తెలిసింది గదా నీకు. ఎందుకు చెప్పలేదు?"

"ఓనరుగారి ముందు ఏమని చెప్పనక్కా? ముడి మళ్లీ కట్టాలంటే ఎవరో ఒకరు వెనక నిలబడి చుక్కాని చూడాలి. నువ్వెందుకు చూడలేవని అడుగుతారు." పొట్లం మడుస్తూ అన్నాడు, "నువ్వు అంత దూరం వచ్చి కుట్టావు. లెక్కపెట్టుకుని నడిపేద్దామనుకున్నా."

"తర్వాతైనా చెప్పొచ్చు గదా. నేను అన్ని మాటలన్నాను."

"కళ్లు లేనిది కూడా నిజమేగా" అన్నాడు.

సోమవారం నేను ఒక్కదాన్నే వెళ్లాను. ముందు ఓనరుగారి దగ్గరకు. తప్పు నాదని చెప్పి, పేజీ తీసి చూపించి, ఎక్కడ కత్తిరించానో చెప్పాను. ఆయన మర్యాదగానే విన్నారు. "తప్పు మీదైనంత మాత్రాన ఆయనకి కళ్లు రావు గదమ్మా" అన్నారు. అయినా చెప్పాల్సినది చెప్పాను.

తర్వాత లంకకు దాటి, కాలు ఇరుక్కున్న ఆమె ఇంటికి వెళ్లాను. రేకుల ఇల్లు. మంచం మీద కాలు చాపుకుని కూర్చుంది. నలభై ఏళ్లు ఉంటాయి. చీలమండ అతికింది గానీ వంకరగా అతికింది. ఇక చెరువు బురదలో దిగి పనిచెయ్యలేదు. నేను దారం సంగతంతా చెప్పాను. ఆమె కోడలు గుమ్మంలో నిలబడి వింది. మంచం మీది ఆమె మాత్రం నన్ను, నా పుస్తకాన్ని, నా చేతిలో టేపును మార్చి మార్చి చూసింది.

"ఇనుప చక్రానికి మేకతోలు తొడిగారు" అంది. "నా కాలికి కూడా ఒకటి కుట్టండి. ఈసారి ఏ దారమూ తెంపకుండా."

వెటకారంగానే అంది. నేను కింద కూర్చుని ఆమె చీలమండ కొలిచాను. ఆమె కాలు వెనక్కి తీసుకోలేదు. వాపు ఉన్నచోట పది అంగుళాల రెండు నూళ్లు. ఎముక ఎత్తుగా ఉన్నచోటు ఎక్కడో, అక్కడ ముట్టుకుంటే నొప్పి ఉందో లేదో, నిలబడితే ఎటు ఒరుగుతుందో, ఉదయం ఎలా ఉంటుందో, సాయంత్రం ఎలా ఉంటుందో అన్నీ అడిగాను. జవాబులతో ఒక పేజీ నిండింది. మిగిలిన మేకతోలుతో, లోపల నేతగుడ్డ వేసి, పట్టీ కుట్టి ఇచ్చాను. అది వేసుకుని గట్టు మీద నడుస్తుందని విన్నాను. నాతో మాట్లాడదు.

చివరికి ముడి సంగతి మిగిలింది. కొత్త సరంగు తనే ఎక్కడో ఒకచోట చుట్టుకున్నాడు గానీ అది సరిగ్గా రాలేదు. పెద్దాయన ఒక్కసారి వస్తే బాగుండునని కళాసీ చేత అడిగించాడు. తమ్ముడు రానంటాడనుకున్నాను. చొక్కా మార్చుకుని వచ్చాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్లాం. పంటు ఖాళీగా కట్టేసి ఉంది. తమ్ముడు చక్రం దగ్గర నిలబడ్డాడు. నన్ను వెనక్కి వెళ్లమన్నాడు. పడవ చివర కడ్డీ పట్టుకుని వంగితే నీళ్లపైన చుక్కాని కాడ కనపడుతుంది. అది పడవ నడుముకు సూటిగా ఉందో లేదో నేను చూసి చెప్పాలి. వాడు చక్రం పూర్తిగా ఎడమకు తిప్పి, కుడికి తిప్పడం మొదలుపెట్టాడు.

"తిన్నగా ఉందా అక్కా?"

"ఇంకా లేదు."

"ఇప్పుడు?"

"ఇంకొంచెం. చాలు. ఎక్కువైంది, ఒక అంగుళం వెనక్కి."

అటు కొస నుంచి ఒకసారి, ఇటు కొస నుంచి ఒకసారి చూశాం. రెండుసార్లూ ఒక్కచోటే వచ్చింది. వాడు బొటనవేలు ఆ చోట ఆనించి పెట్టి కదలకుండా నిలబడ్డాడు. నేను ముందుకు వచ్చి, వాడి వేలి పక్కనే, తోలు మీద, మైనం రాసిన వలదారం చుట్టాను. పదకొండు చుట్లు. ముడి లోపలి అంచుకు వేశాను. కళాసీ దాని మీద కుంకుమ పెడతానంటే, ముందు కొత్త సరంగుకు అది దేనికో చెప్పి తర్వాత పెట్టమన్నాను. చెప్పించాను.

ముడి స్థానం పుస్తకంలో రాసుకున్నాను. పాత పేజీలోనే, కొలతల కింద.

తమ్ముడు బొటనవేలితో ముడిని ఒకసారి నొక్కి చూశాడు. చక్రాన్ని ఒక చుట్టు తిప్పి, ముడి మళ్లీ వేలి కిందకు వచ్చేదాకా ఆగాడు. తర్వాత చేతులు తీసేసి నా భుజం పట్టుకున్నాడు. ఒడ్డుకు వేసిన పలక దగ్గర ఆగి, ఎన్ని అడుగులని అడిగాడు. ఏడని చెప్పాను. ఒక్కొక్కటీ పైకే లెక్కపెడుతూ దింపాను.